పాలమూరు, నల్గొండ ఎండలల్ల తేనెటీగల పెట్టె పెట్టాలంటే

యూట్యూబ్ల తేనెటీగల వీడియోలు చూస్తే సగానికి సగం చలి దేశాల వాళ్లవే ఉంటయి. పెట్టె సుట్టూ తార్పాలిన్ చుట్టాలె, థర్మాకోల్ కట్టాలె, మూతి చిన్నగ చెయ్యాలె, చక్కెర పాకం చిక్కగ పట్టి పెట్టాలె అని చెప్తరు. వాళ్లకు అది కరెక్టే, ఎందుకంటే కెనడా అసొంటి చోట్ల నాలుగైదు నెలలు మంచే, ఒక్క పువ్వు దొరకదు. అదే పని మనం దేవరకొండలనో నారాయణపేటలనో చేస్తే ఈగలు పెట్టె ఇడిసిపెట్టి పోతయి. మనకు చలితోని కష్టం లేదు. మార్చి ఆఖరు నుంచి జూన్ల వానలు పడేదాక ఉండే ఎండతోనే కష్టమంత. వాళ్లు చలికాలానికి ఎంత ముందునుంచి తయారైతరో మనం ఎండాకాలానికి అంత ముందునుంచి తయారు కావాలె, ఇది మనసుల పెట్టుకుని మిగతాది చదవుండ్రి.

ముందుగాల ఈగ సంగతి జర తెల్సుకోవాలె. పిల్లలు ఉన్న గూడు లోపల వేడి ఎప్పుడూ 34, 35 డిగ్రీలు ఉండాలె, బయట మంచున్నా సరే, మన దగ్గర మే నెల 45 డిగ్రీలు కొట్టినా సరే. చలి దేశాలల్ల ఈగలన్నీ రాణి సుట్టూ దగ్గరదగ్గరగ గుమిగూడి, రెక్కలు ఆడకుంటనే ఎగిరే కండరాలు వణికించి వేడి పుట్టిస్తయి, దానికి తేనె తింటయి. అందుకే అక్కడోళ్లు ఒక్కో పెట్టెల 30, 40 కిలోల తేనె తియ్యకుంట ఇడిసిపెడ్తరు. చలికాలం ముంగట పుట్టిన ఈగ అక్కడ ఐదారు నెలలు బతుకుతది. మన దగ్గర పని సీజన్ల కూలి ఈగ బతికేది దగ్గరదగ్గర ఆరు వారాలే. ఎండల ఏం చేస్తయంటే, కొన్ని ఈగలు పనంత బంద్ పెట్టి నీళ్లు మోసుడే పెట్టుకుంటయి, తెచ్చిన నీళ్లు గదుల మీద సన్నగ పూసి, మిగతావి వరుసగ నిలబడి రెక్కలతోని గాలి కొడ్తయి, ఆ నీళ్లు ఆరుతుంటే గూడు సల్లబడ్తది. అంటే ఎండాకాలంల ఒక దిక్కు పువ్వులు ఉండయి, ఇంకో దిక్కు ఉన్న ఈగలు నీళ్లకే తిరుగుతయి, లోపల తిండి ఒడుస్తది. ఎండకు మాడి చచ్చే ఈగల కంటే ఎండాకాలం ఆకలికి పోయే ఈగలే ఎక్కువ.

ఏ ఈగ పెట్టుకోవాలె అన్నది ఎనుకట నుంచి అందరు అడిగేదే. మన దగ్గర నాలుగు రకాలు కనబడ్తయి. పెద్ద బిల్డింగులకు, నీళ్ల ట్యాంకులకు, నల్లమలల గుట్ట అంచులకు వేలాడే పెద్ద తుట్టె కొండ తేనెటీగది, అది బయట ఒక్కటే తుట్టె కడ్తది కాబట్టి పెట్టెల ఉండదు, అమ్రాబాద్ దిక్కు చెంచోళ్లు తీసే తేనె ఎక్కువ దీనిదే. చెట్ల కొమ్మలకు కంచెలకు కట్టే చిన్న తుట్టె జుంటీగది, అది గూడ పెట్టెల ఉండదు. పెట్టెల ఉండేటివి రెండే. ఒకటి చెట్టు తొర్రలల్ల, పుట్టలల్ల, పాతగోడల సందులల్ల నాలుగైదు తుట్టెలు పక్కపక్కన కట్టుకునే పుట్ట తేనెటీగ. రెండోది ఐరోపా ఈగ, 1960లల్ల మన దేశంల నిలదొక్కుకున్నది, కంపెనీలు, పెద్దగ పెంచేటోళ్లు పెట్టేది ఇదే.

ఐరోపా ఈగ తేనె ఎక్కువ ఇస్తది, పువ్వు ఎంబడి పెట్టెలు లారీల వేసుకుని తిప్పితే ఏడాదికి 25, 30 కిలోలు గూడ తీస్తరు. కానీ అది తిరిగేటోళ్లకే. ఒక్క చోటనే పెట్టుకుని, తోటల పది పెట్టెలు చూసుకుంటా అనుకునే రైతుకు పుట్ట తేనెటీగనే మేలు అని నా ఒపీనియన్. ఏడాదికి నాలుగైదు కిలోలు, మంచిగ చూసుకుంటే అంతకంటె ఎక్కువ ఇస్తది, మన ఎండకు, మన పురుగుకు అలవాటున్నది. ఐరోపా ఈగకు పట్టే వర్రోవా నల్లి దీన్ని అంత దెబ్బ తియ్యదు. దీని ఒకే ఒక దుర్గుణం ఏందంటే కోపం రాంగనే పెట్టె ఇడిసి పోతది. చీమలు ఎక్కినయా పోతది, తిండి లేదా పోతది, ఊకె మూత తీసి చూస్తున్నమా పోతది. ఇగ ఈ పద్ధతంత అది పోకుంట ఉంచుకునుడు గురించే అనుకోండ్రి.

ఎప్పుడు మొదలుపెట్టాలె అంటే చలి దేశాల వాళ్లు ఎండలొచ్చే ఏప్రిల్ల మొదలుపెడ్తరు, డబ్బాల కిలోన్నర దాక ఈగలు, చిన్న పంజరంల రాణి, అట్ల కొనుక్కొచ్చి పెట్టెల గుమ్మరిస్తరు. మనం ఏప్రిల్ల మొదలుపెడితే పని ఒడిసినట్టే. మనకు బతుకమ్మ పండుగ టైం, అంటే సెప్టెంబర్ ఆఖరు, అక్టోబర్ మొదలు బెస్ట్. వానలు తగ్గుతయి, పత్తి పూత మీదుంటది, ఎంబడే కంది పూతకొస్తది, ఆ తర్వాత జనవరి, ఫిబ్రవరిల బత్తాయి, మామిడి. పెట్టె బలం పట్టుకునేతందుకు నాలుగైదు నెలలు చేతిల ఉంటయి. అంతట్ల ఎండాకాలం వచ్చినా నిలబడ్తది.

జాగ ముచ్చట. పెట్టె సుట్టూ కిలోమీటరు లోపల ఏమున్నదో నడిచి చూడుండ్రి, పుట్ట తేనెటీగ ఎక్కువ దూరం పోదు. బత్తాయి, నిమ్మ, మామిడి తోటలు, కంది, నువ్వులు, పొద్దుతిరుగుడు, ఆముదం, కూరగాయల పాదులు ఉన్న చోట మంచిగుంటది. సాగర్ ఎడమ కాలువ కింద హాలియా, మిర్యాలగూడ దిక్కు ఎటు చూసినా వరే, చూసేతందుకు పచ్చగ ఉంటది గని వరిల తేనె ఉండదు, ఆడ ఈగలు పచ్చటి పొలం నడుమ ఆకలికి ఉంటయి. అక్కడ పెట్టాలనుకుంటే గట్ల మీద కానుగ, మునగ, జామ, చింత ఉన్న దిక్కు చూసుకోవాలె. నకిరేకల్ దిక్కు నిమ్మ తోటలోళ్లకు, కొల్లాపూర్ దిక్కు మామిడోళ్లకు ఈ తిప్పలు లేదు.

నీడ గురించి ఒక మాట. పెట్టె అక్టోబర్ల పెడ్తరు, అప్పుడు ప్రతి చెట్టు కింద నీడనే ఉంటది. కానీ ఫిబ్రవరి, మార్చిల చానా చెట్లు ఆకులు రాలుస్తయి, సరిగ్గ నీడ కావాల్సిన టైంకు పెట్టె మీద ఎండ సక్కగ పడ్తది. సరే అప్పుడు పక్కకు జరుపుదాం అంటే కుదరదు, పెట్టెను ఇరవై అడుగులు జరిపితే మేతకు పోయిన ఈగలు పాత జాగకే వచ్చి తిరుగుతయి, లోపలికి రావు. జరపాలంటే రోజుకు రెండు మూడు అడుగుల కంటె ఎక్కువ జరపొద్దు, లేకుంటే ఒక్కసారే మూడు నాలుగు కిలోమీటర్ల అవతలికి కొండవోవాలె. అందుకే మొదట్లనే మామిడి చెట్టో చింత చెట్టో చూసుకుని, పొద్దుగాలి ఎండ పడేటట్టు, పగటాల నుంచి నీడ ఉండేటట్టు, మూతి తూర్పు దిక్కు పెట్టుండ్రి. నడిచే తొవ్వకు, పశువుల కొట్టానికి, కరెంటు మోటరుకు ఎడంగ ఉండాలె. తాటి వనం పక్కన వద్దు, ఎండల ఈగలు కల్లు ముంతల మీదికి పోయి అండ్లనే పడి చస్తయి. బెల్లం బట్టీలు, మిఠాయి దుకాణాల దగ్గర గూడ గంతే.

పెట్టె నేల మీద పెట్టొద్దు. మోకాలెత్తు ఇనుప స్టాండు చేయించి, నాలుగు కాళ్ల కింద నాలుగు గిన్నెలు పెట్టి నీళ్లు పొయ్యాలె, పాత ఇంజన్ ఆయిల్ జరంత కలిపితే తొందరగ ఆరది. ఇది చిన్న పనే గని ఎండల గిన్నె ఎండితే ఒక్క రాత్రిల చీమలు ఎక్కుతయి, పొద్దుగాల చూసేసరికి పెట్టె ఖాళీ. గడ్డి పరక ఒకటి స్టాండుకు ఆనుకున్నా చీమకు అదే తొవ్వ, అందుకే కాళ్ల సుట్టూ గడ్డి పీకేస్తుండాలె. పెట్టె ముందుకు జర వంగినట్టు పెట్టుండ్రి, వాన నీళ్లు లోపలికి పోకుంట.

పెట్టె కొనేటప్పుడు పుట్ట తేనెటీగకు చిన్న పెట్టె, న్యూటన్ రకం అంటరు, ఐఎస్ఐ ఏ టైపు అని గూడ అంటరు, వందేళ్ల కిందట దక్షిణ దేశంల న్యూటన్ అనే ఫాదర్ తయారు చేసింది. ఐరోపా ఈగకు పది ఫ్రేముల లాంగ్‌స్ట్రాత్ పెట్టె. ఫ్రేము అంటే ఈగలు తుట్టె కట్టుకునే చెక్క చట్రం. రెండిట్ల ఏదైనా ఫ్రేముకు ఫ్రేముకు నడుమ ఈగ నడిచేటంత సందు మాత్రమే ఉండాలె, ఎక్కువున్నా తక్కువున్నా ఈగలు అడ్డం మైనం కట్టి ఫ్రేములు కదలకుంట అతికిస్తయి. అమెరికా ఆయన లాంగ్‌స్ట్రాత్ 1851ల కనిపెట్టింది ఈ సందునే, అప్పటిదాక తేనె కావాలంటే ఎక్కువగ గూడు నరుకుడే. అందుకే ఊర్లె వడ్లాయనతోని చేయించినా పర్వాలేదు గని కొలత మాత్రం ఒక అసలు పెట్టె ఎదురుంగ పెట్టుకుని తియ్యమనుండ్రి. లోపల రంగు, వార్నిష్ వెయ్యొద్దు. బయట తెల్ల రంగు.

ఇప్పుడు ఈగలను తెచ్చి పెట్టుడు. పెంచేటోళ్ల దగ్గర కొనుడు ఈజీ. కొనేటప్పుడు మూత తీయించి చూడుండ్రి, నాలుగైదు ఫ్రేముల నిండ ఈగలు ఉండాలె, రెండు ఫ్రేములల్లనన్న గుడ్లు, పిల్లలు ఉండాలె, రాణి కంటికి కనబడాలె. ఊకె ఈగలు మస్తున్నయని చూసి తేవొద్దు, గుడ్లు లేని పెట్టె నెలలో ఖాళీ అయితది. మాపటీలి ఈగలన్నీ లోపలికి వచ్చినంక మూతికి సన్న జాలి కొట్టి, ఫ్రేములు కదలకుంట సందుల మధ్యల పుల్లలు పెట్టి, ఆటోల రాత్రిపూట తీస్కరావాలె. మూతి పూర్తిగ బట్టతోని మూస్తే తొవ్వలనే ఉడికిపోతయి. తెచ్చి స్టాండు మీద పెట్టి, ఒక పావుగంట కదిలించకుంట ఉంచి, చీకట్లనే జాలి తీసేయుండ్రి. పొద్దుగాల బయటికొచ్చి, పెట్టె దిక్కు మొఖం పెట్టి ముంగట చిన్న చిన్న సుట్లు తిరుగుతుంటయి, అది జాగ గుర్తు పట్టుడు, భయపడొద్దు. రెండు రోజులు ఫ్రేములు తీసి చూడొద్దు. మొదటి వారం మూతికి రాణి గేటు పెట్టాలె, దాని సందుల కూలి ఈగ పడ్తది, రాణి పట్టదు, రాణి లేకుంట మంద పోదు. వారం దాటినంక తీసేయుండ్రి.

పుట్టల ఉన్న తుట్టెను పట్టుకునేది గూడ ఉన్నది, మన దిక్కు చానామందికి వచ్చు. సాయంత్రం పూట పిడక పొగ సన్నగ పెట్టి, నోరు జర పెద్దగ చేసి, తుట్టెలు ఒకటొకటి కోసి తీయాలె. తేనె ఉన్న భాగం పక్కకు పెట్టి, పిల్లలు ఉన్న భాగాన్ని ఫ్రేము సైజుకు కోసి, ఎటు మీదికి ఉండెనో అటే మీదికి ఉంచి, అరటి నారతోని ఫ్రేముకు కట్టాలె. నాలుగు రోజులల్ల ఈగలు మైనంతోని అతికించుకుని నారను కొరికి బయట పడేస్తయి. ఇండ్ల కీలకం రాణి. రాణి పెట్టెలకు వస్తే మిగతావి వాటికవే నడిచొస్తయి, కొన్ని మూతి కాడ నిలబడి తోక మీదికి లేపి రెక్కలు కొడ్తుంటయి, అంటే మిగతా వాటిని పిలుస్తున్నయని. అది కనబడ్డదంటే రాణి లోపల ఉన్నట్టే. ఎక్కువ ఎండలల్ల ఈ పని పెట్టుకోవద్దు, అప్పుడు కోసిన తుట్టె చేతులనే కుంగుతది.

మొదటి నాలుగైదు రోజులు కిలో చక్కెరకు లీటరు నీళ్లు కాచి సల్లార్చి, పావు లీటరు చొప్పున మాపటీలి లోపల పెట్టాలె. పళ్లెంల పోసి పుల్లలు వెయ్యుండ్రి, లేకుంటే మునుగుతయి. బెల్లం పెట్టొద్దు, ఈగలకు కడుపు చెడ్తది. చుక్క గూడ బయట కారొద్దు, ఎందుకో ముంగట చెప్తా.

మూత తీసి చూసేటప్పుడు పెట్టెకు ఎదురుంగ నిలబడొద్దు, పక్కన నిలబడాలె. అత్తరు, సెంటు, నూనె వాసన వద్దు, నల్ల అంగి వద్దు. అరటిపండు తిని పోవద్దు, ఈగ కుట్టినప్పుడు ఇడిసే వాసన అరటిపండు వాసనకు దగ్గరగ ఉంటది, మిగతావి ఎగబడ్తయి. కుడితే ముల్లును ఎంత తొందరగ తీస్తే అంత మంచిది, గోరుతోని గీకినా చిటికెతోని పీకినా సరే. మొఖం ఉబ్బి ఊపిరి ఆడకుంట అయితే మాత్రం ఇంటి వైద్యం గిట్ల అనుకుంట కూసోవద్దు, ఎంబడే దవాఖానకు పోవాలె.

ఫ్రేము తీసి ఎండ మన భుజం మీదికెల్లి గదుల అడుగున పడేటట్టు పట్టుకుంటే గుడ్లు కనబడ్తయి. గది అడుగున తెల్లగ, సన్నగ, సూది కంటె చిన్న గీత. పెట్టిన రోజు నిలబడి ఉంటది, మూడో రోజుకు ఒరిగి పండుకుంటది. నిలబడ్డ గుడ్డు ఒక్కటి కనబడ్డా చాలు, నిన్నటి దాక రాణి మంచిగున్నట్టే, రాణిని దేవులాడుకుంట ఫ్రేములన్ని తిరగెయ్యాల్సిన పని లేదు. మూత పెట్టేసి రండ్రి. ఫ్రేము తిప్పేటప్పుడు అడ్డం పడుకోబెట్టినట్టు తిప్పొద్దు, ముఖ్యంగ కొత్త తుట్టె, ఎండల మైనం మెత్తబడి ఉంటది, బరువుకు విరిగి కింద పడ్తది, రాణి కింద పడితే ఇంతే సంగతులు. తుట్టె కింది అంచుకు పల్లికాయ వేలాడినట్టు గది కనబడితే అది కొత్త రాణి గది, పెట్టె రెండు అయ్యేతందుకు చూస్తున్నదని. పది రోజులకు ఒకసారి చూస్తే చాలు, ఎండాకాలంల పొద్దుగాల తొమ్మిది లోపే, అది గూడ ఐదు నిమిషాలల్ల.

మన దిక్కు పూతల సంగతి, ఎవరి మండలం వాళ్లు జర అటూ ఇటూ సవరించుకోవాలె. ఆగస్టు నుంచి అక్టోబర్ దాక పత్తి, నువ్వులు, ఆముదం, పుప్పొడికి మక్క, జొన్న. ఆ ఎనుక రేగు, కంది, కుంకుడు. కంది పూత నారాయణపేట, కోస్గి దిక్కు పెద్ద పంట పండినట్టే ఈగలకు. జనవరి నుంచి మామిడి, బత్తాయి. బత్తాయి రైతు డిసెంబర్ల తోటను బెట్టకు పెట్టి, మళ్ల నీళ్లు ఇడిస్తడు, ఆ నీళ్లకు తోటంత ఒక్కసారే పూస్తది, పొద్దుగాల తోటల అడుగుపెడితే వాసనకు తల తిరుగుతది, ఆ రెండు మూడు వారాలే మన అసలు తేనె. మీ తోట కాకపోతే తోటాయనతోని మాట్లాడి పూతకు వారం ముంగట పెట్టెలు పెట్టుకోవచ్చు, ఈగలు తిరిగితే పిందె మంచిగ నిలబడ్తదని ఆయనకు గూడ లాభమే. ఆ ఎనుక ఉగాది పచ్చడిల వేసుకునే వేపపువ్వు, కానుగ, సర్కారు తుమ్మ. ఏప్రిల్ సగం దాటిందంటే ఖాళీ.

తేనె తీసుడు ఇండ్లనే చెప్పాలె, ఎందుకంటే ఎండాకాలం దాటుడు దీని మీదనే ఆధారపడి ఉంటది. ఫ్రేముల ముప్పావు వంతు గదులకు మైనం మూతలు పడ్డంకనే తియ్యాలె, అంతకు ముందు తీస్తే నీళ్లెక్కువుండి పులుస్తది. కింద పిల్లల అంతస్తు ముట్టొద్దు, మీది అంతస్తు ఫ్రేములే తీసి, మూతలు కత్తితోని చెక్కి, మిషన్ల తిప్పితే తుట్టె విరగకుంట తేనె వస్తది, ఖాళీ తుట్టె మళ్ల పెట్టెలకు. పిండుడు వద్దు. తీసేది బత్తాయి పూత ఒడవంగనే తీసి అక్కడికి ఆపుండ్రి. వేప, కానుగ తేనె ముట్టొద్దు, అది వాటి ఎండాకాలం గ్రాసం. చలి దేశపోడు 30 కిలోలు ఇడిసిపెడ్తుంటే మనం రెండు నిండు ఫ్రేములు ఇడిసిపెట్టలేమా. ఏప్రిల్ల ఆ రెండు కిలోలు గూడ తీసుకుని మే నెల చక్కెర పెడ్తరు కొందరు, చక్కెరల తీపి తప్ప ఏం లేదు, తేనె తిన్న ఈగకూ చక్కెర తిన్న ఈగకూ జూన్ల తేడా కండ్లకు కనబడ్తది. తీసిన తేనె ఏడాది లోపు పసిపిల్లలకు నాకించొద్దు, మన ఇండ్లల్ల ఇది అలవాటు, మానుకోవాలె.

ఇగ ఎండాకాలం. ఫిబ్రవరి నుంచే మొదలుపెట్టాలె. బత్తాయి తేనె తీసినంక మీది అంతస్తు తీసేయాలె, ఖాళీ జాగ ఎక్కువుంటే సల్లబరుసుడు కష్టం, మైనపు పురుగుకు జాగ ఇచ్చినట్టు. ఈగలు కప్పుకున్నన్ని ఫ్రేములే ఉంచి మిగతా తుట్టెలు తీసి దాసుండ్రి. పెట్టె మీద రేకు మూత ఉంటే దాని మీద జొన్న చొప్పనో తాటి కమ్మలో జానెడు మందం పరిచి కట్టాలె. అసలు మంచిది పెట్టెకు నాలుగడుగుల ఎత్తుల చిన్న పందిరి, నాలుగు గుంజలు, మీద తాటి కమ్మలు, పడమర దిక్కు కిందిదాక దించాలె, మధ్యాహ్నం మూడు గంటల ఎండ ఆ దిక్కు నుంచే కొడ్తది. పందిరికి పెట్టెకు నడుమ గాలి ఆడాలె, చుట్టేయొద్దు. గోనె సంచి తడిపి పందిరి పక్కన వేలాడదీసి పదకొండుకు ఒకసారి, రెండుకు ఒకసారి నీళ్లు చల్లితే లోపల మస్తు తేడా వస్తది. తడి గోనె పెట్టెకు అతికేటట్టు కప్పొద్దు, మూతి మూసుకపోతది, గాలి ఆడదు.

నీళ్లు పెట్టె నుంచి పది పన్నెండు అడుగుల దూరంల, నీడల. మట్టి కుండ అడుగున సన్న బొక్క పెట్టి ఒత్తి వేసి, కింద రాళ్ల మీద చుక్క చుక్క పడేటట్టు చేస్తే ఈగలు రాళ్ల మీద కూసుని తాగుతయి, మునగవు. ఒక్కరోజు గూడ ఆగొద్దు, ఆగిందంటే పక్కింటోళ్ల నల్లా కాడికి, పశువుల తొట్టికి అలవాటు పడ్తయి, మళ్ల మలుపుడు కష్టం.

మాపటీలి పెట్టె ముంగట ఈగలు గుత్తులు గుత్తులుగ బయట వేలాడితే పోతున్నయని గాబరా పడొద్దు, లోపల ఉడుకపోతకు బయట గాలికి కూసున్నయి అంతే. మూత కింద నాలుగు మూలల అగ్గిపుల్ల మందం పుల్లలు పెడితే గాలి మీదికి పోతది. మూతి మాత్రం పెద్దగ చెయ్యొద్దు. ఇది చానామంది అటుఇటు చేస్తరు. పువ్వులు లేని కాలంల బలమున్న పెట్టె ఈగలు బలం లేని పెట్టెను దోచుకుంటయి, మూతి రెండు ఈగలు పట్టేటంతే ఉంటే కావలి ఈగలు కాసుకుంటయి. గాలి మీదికెల్లి ఇయ్యాలె, మూతి కింద చిన్నగుంచాలె. చక్కెర నీళ్లు బయట కారొద్దు అన్నది ఇందుకే, ఒక్క చుక్క వాసన పట్టిందంటే దోపిడి మొదలైతది, మూతి కాడ ఈగలు కలబడి దొర్లుతుంటే అదే. అప్పుడు మూతి ఇంకా చిన్నగ చేసి, పెట్టె మీద తడి బట్ట వేసి, చీకటి పడేదాక ఆగాలె.

మేల ఐదారు రోజులకు ఒకసారి చక్కెర నీళ్లు, పైన చెప్పిన సమపాళ్ల కొలతనే, చలి దేశపోళ్ల చిక్కటి పాకం మనకు వద్దు, అది దాసుకునేతందుకు, మనకు తిండితోపాటు నీళ్లు గూడ కావాలె. అన్ని పెట్టెలకు ఒకే మాపటీలి, పొద్దుగూకినంక. పుప్పొడి లేకుంటే రాణి గుడ్లు బంద్ పెడ్తది, అప్పుడు నూనె తీసిన సోయా పిండి, ఈస్టు, జరన్ని పుట్నాల పిండి, పాలపొడి, తేనెతోనో చక్కెరతోనో ముద్ద చేసి ఫ్రేముల మీద అరచేతి మందం పెడితే తింటయి. దొరకకుంటే గట్ల మీద మునగ పెంచుండ్రి.

పురుగు గురించి. మైనపు పురుగు తుట్టెల సొరంగం చేసి లోపల గూడు అల్లుతది, ఫ్రేము ఎత్తితే సాలెగూడు అంటుకొస్తది. బలమున్న పెట్టెల రాదు. వారానికొకసారి అడుగు పలక మీది చెత్త గీకి దూరం పడేస్తే సగం దాని గుడ్లు పోతయి. నల్లబడ్డ పాత తుట్టెలు కరిగించేయుండ్రి. కందిరీగల గూళ్లు దగ్గరలుంటే రాత్రిపూట తీసేయాలె. పిల్లలు గదుల లోపల చర్మం కింద నీళ్లు నిండి, తల మీదికి లేసి చచ్చి ఉంటే అది సంచి పిల్ల జబ్బు, వైరస్, 1990లల్ల దక్షిణాది పుట్ట తేనెటీగలను ఊడ్చిపెట్టింది ఇదే. మందు లేదు, ఆ పెట్టె ఫ్రేము ఇంకో పెట్టెల పెట్టొద్దు, బలంగ నిలబడ్డ పెట్టెల రాణులతోనే మంద పెంచాలె. ఐరోపా ఈగకు వర్రోవా పడితే ఫార్మిక్ యాసిడ్ పెడ్తరు, అది మన ఏప్రిల్, మే ఎండల పెడితే ఆవిరి ఎక్కువై రాణే చస్తది, చలికాలంల తెల్సినోళ్లకు చూపించుకుని పెట్టాలె.

అన్నిటికంటె పెద్ద గండం పురుగుల మందు. పత్తికి కొట్టే మందులు పొద్దుగాల తొమ్మిదికి కొడితే ఆ పగలే ఈగలు పెట్టె ముంగట కుప్పలు పడ్తయి, నాలుకలు బయటికెల్లి ఉంటయి. సుట్టుపక్కల రైతులందరితోని ముందుగాలనే మాట్లాడుండ్రి, "అన్నా, కొట్టేటప్పుడు ఒక్క రోజు ముందు ఫోన్ చెయ్యి, మాపటీలి ఐదు దాటినంక కొట్టు" అంటే చానామంది ఇంటరు. బత్తాయికి గూడ నిండు పూతల మందు కొట్టొద్దని చెప్పాలె. మాట ఇనకుంటే ముందురోజు రాత్రి మూతికి జాలి కొట్టి, లోపల చక్కెర నీళ్లు పెట్టి, పెట్టె మీద తడి గోనె, ఒక్క పగలు ఆపాలె. ఎండాకాలంల అట్ల గూడ మూయొద్దు, పెట్టెనే వేరే ఊరికి జరపాలె.

మొదటిసారి చేసేటోళ్లు ఒక్కసారన్న చేతితోని ఫ్రేము పట్టి నేర్చుకోవాలె. కంపాసాగర్, గడ్డిపల్లి, పాలెం, మదనాపురంల కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నయి, రాజేంద్రనగర్ల వ్యవసాయ యూనివర్సిటీ, గ్రామీణాభివృద్ధి సంస్థ వాళ్ల టెక్నాలజీ పార్కు ఉన్నయి, ఫోన్ చేసి ట్రైనింగు ఎప్పుడుందో అడగుండ్రి. కేంద్రం 2020ల మొదలుపెట్టిన తేనెటీగల మిషన్ సంగతి ఉద్యానశాఖ ఆఫీసుల అడగాలె, మధుక్రాంతి అని రిజిస్ట్రేషన్ గూడ ఉన్నది. మొదట రెండు పెట్టెలతోని మొదలుపెట్టుండ్రి, ఒకటి కాదు. రెండుంటే ఒకటి బలం తగ్గినప్పుడు పక్కదాంట్లకెల్లి పిల్లల ఫ్రేము ఇయ్యొచ్చు, రాణి పోతే గుడ్లున్న ఫ్రేము ఇస్తే అవే కొత్త రాణిని చేసుకుంటయి, పదహారు రోజుల లోపల బయటికొస్తది.

జూన్ల రెండు మంచి వానలు పడ్డంక పందిరి పడమర కమ్మలు తీసేయుండ్రి, చింత పూత ఉంటది, ఈగలు కాళ్లకు పుప్పొడి ముద్దలు పెట్టుకుని రావుడు మొదలైతది. అది కనబడ్డంక చక్కెర నీళ్లు తగ్గించి, వారం పది రోజులల్ల బంద్. ముసురు పెట్టి నాలుగు రోజులు ఎడతెగకుంట పడితే మళ్ల ఒకసారి పెట్టాలె. మూత కింద పుల్లలు తియ్యాలె, మూత మీద తార్పాలిన్ ముక్క వెయ్యాలె, అడుగు పలక తడిస్తే తుడవాలె. ఎండాకాలం దాటిన పెట్టెల జూలైల నాలుగు ఫ్రేముల నిండ ఈగలుంటే ఆగస్టు, సెప్టెంబర్ల దాన్ని రెండు చెయ్యొచ్చు, మూడే ఉంటే ఆ ఏడాది విడదీయకుంట కందిపూత దాక ఆగుండ్రి.